పాటకుఁ బెట్టిన పట్టణము: రంగూను భూవిక్రయ చరిత్రము



వార్షిక మహాసభా సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాసి యీయవలసినదని సంఘపు పెద్దలు నన్నుఁ గోరిరి. మన సంచికలలో కులోత్పత్తిని గూర్చియు, గోత్రములను గూర్చియు, పూర్వుల శౌర్యమును గూర్చియు వ్యాసములు చాలినన్ని వచ్చినవి. వానిలోఁ గొన్ని నేనే వ్రాసినాను గావున వానిని నిందింపను. ఈ యేడు మాత్రము భూమిని గూర్చి వ్రాయఁదలఁచితిని. వ్యవసాయమే వృత్తిగాఁ గల మనవారికి ఇంతకంటెఁ గులచరిత్ర వేఱొకటి లేదు. అదియునుగాక కొన్ని యేండ్లుగా మన న్యాల్‌కల్ మండలమున ఏ యరుఁగుమీఁద నలుగురు గూర్చున్నను భూమి ప్రసంగమే. న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో 12,635 ఎకరముల మేరను జాతీయ పెట్టుబడుల ఉత్పాదక మండలము, అనఁగా జనులు ‘నిమ్జు’ అనునది, నెలకొల్పుటకుఁ గేంద్ర ప్రభుత్వము 2016 జనవరిలోఁ దుది యనుమతి నొసంగెను. నాఁటినుండి అమ్మినవాఁ డెవఁడు, అమ్మనివాఁ డెవఁడు, ఎవనికెంత వచ్చినది అనునవియే మాటలు. ఇట్టివేళ మఱియొకచోట, మన తెలుఁగువారు వేలకువేలుగాఁ బోయి చెమటోడ్చినచోట, ఒక పట్టణమునకుఁ బట్టణమే ముక్కలుగాఁ గోయఁబడి పాటకుఁ బెట్టఁబడిన వృత్తాంతము స్మరింపఁదగినదని నాకుఁ దోఁచినది. ఆ పట్టణము రంగూను.

ముందుగా మాటల సంగతి. బడిపంతులు పనిలో నలువదియేండ్లు గడపిన వానికి మాట వదలి అర్థమునకుఁ బోవుట చేతకాదు, క్షమింపుఁడు. ‘వేలము’ అను మాట మనది కాదు. పోర్చుగీసువారి ‘లెయిలావ్’ అను శబ్దము రేవుపట్టణములలో దిగి, అఱవమున ‘ఏల’మై, తెలుఁగున ‘ఏలము’, ‘వేలము’ అయినది. ఆ పోర్చుగీసు మాటయు అరబ్బీనుండి వచ్చినదనియు, దానికిఁ బ్రకటించుట యని యర్థమనియుఁ బండితులు చెప్పుదురు. మన నైజాము పల్లెలలోని ‘హర్రాజు’ కూడ అరబ్బీయే. కౌలు, ఇజారా అనునవియు నట్టివే. అన్నిఁటికిని మనవారు చేర్చిన తోఁక ‘పాట’. ఇల్లు పోవువానికి ఏడుపు. కొనువానికి మాత్రము పాట. ఈ పేరు పెట్టినవాఁడు ఏ కాలమువాఁడో కాని హాస్యప్రియుఁడు.

మాట బయటిదైనంతమాత్రమున భూవిక్రయము మనకుఁ గొత్త యనరాదు. దానిని గూర్చి మన పెద్దలు మిక్కిలి తలపోసిరి. మనకుఁ బడమటి దెసనున్న కల్యాణి, ఇప్పటి బసవకల్యాణము, ఒకప్పుడు చాళుక్యుల రాజధాని. ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుఁడు అచ్చట నుండియే యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. 1956 వఱకు మన జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిదే గావున, దేశమునందు మూఁడువంతుల హిందువుల దాయభాగమును శాసించిన గ్రంథము మన పెరటిలోఁ బుట్టినదని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. భూమి చేతులు మాఱుటకు ఆఱు కావలెనని యందొక పూర్వవచన ముదాహరింపఁబడినది: గ్రామస్థుల సమ్మతి, జ్ఞాతుల సమ్మతి, పొరుగువారి సమ్మతి, దాయాదుల సమ్మతి, బంగారము, నీటిధార. విజ్ఞానేశ్వరుఁడు తెలివిగల న్యాయవాది వలె వీనిలో నొక్కొక్కదానికిని గారణము చెప్పెను. ఊరి సమ్మతి విషయము బహిరంగ మగుటకు. పొరుగువాని సమ్మతి గట్టుతగాదా రాకుండుటకు. విభక్తులైన జ్ఞాతుల సమ్మతి పిదప సందేహము లేకుండుటకు. మఱి బంగారము, నీటిధార ఎందుకు? స్థావరమునకు విక్రయమే లేదని శాస్త్రము గావున, అమ్మకము కూడ దానరూపముననే జరుగవలెనఁట. అనఁగా అమ్మువాఁడు అమ్ముచున్నానని యనుకొనరాదు, చేతిలో నీరు వదలుచున్నానని తలంపవలెను. దీనిని జూచి ఇప్పటి చదువరులు నవ్వవచ్చును. కాని నీరు వదలునపుడు చేయి వడఁకును. వ్రేలిముద్ర వేయునపుడు వడఁకదు.

కౌటిల్యుఁడు వేఱువిధముగాఁ జెప్పెను. అర్థశాస్త్రమును మైసూరు పండితుఁడు శ్యామశాస్త్రిగారు 1909లో ముద్రించువఱకు లోకమునకు దాని పాఠము తెలియదు. అందు మూఁడవ యధికరణమున ‘వాస్తు విక్రయ’ మను ప్రకరణము కలదు. భూమిని గొనుటకు మొదటి హక్కు జ్ఞాతులది, పిదప పొరుగువారిది, పిదప అప్పిచ్చినవారిది. వారెవ్వరును గొననిచో బయటివాఁడు. ఇల్లైనచో నలువది పొరుగు కుటుంబములవారి యెదుట, పొలమో తోఁటయో చెఱువో యైనచో గ్రామవృద్ధుల యెదుట, హద్దులు చెప్పి, ‘ఈ వెలకుఁ గొనువాఁ డెవఁడు’ అని ముమ్మాఱు చాటవలెను. ఎవ్వరు నడ్డుపడనిచోఁ గొనువానికి అది చెందును. పోటీచేత వెల పెరిగినచో ఆ పెరిగిన మొత్తము సుంకముతోఁ గూడ రాజకోశమునకుఁ బోవలెను! ఈ యొక్క నియమమును నేను విద్యార్థులకు బోధించునపుడెల్ల, ‘అయ్యా, పెరిగినది అమ్మినవానికి రానిచో ఎవఁడు పాట పెంచును?’ అని యడుగుచుండిరి. అదియే కౌటిల్యుని యభిప్రాయ మని నా యూహ. పాట ఉండవలెను, పేరాస ఉండరాదు. ఈ క్రమమును మనస్సున నుంచుకొని రంగూనునకుఁ బోవుదము: మొదట జ్ఞాతి, పిదప పొరుగు, తుదకు పరుఁడు.

అంతకుముందు మన దేశముననే తలక్రిందులైన క్రమమును జూడవలెను. కుంపిణీవారు ఉత్తర సర్కారులలో 1802 మొదలు శాశ్వత బందోబస్తును బెట్టి, పాత జమీందారులు లేని హవేలీ భూములను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క వేయి మొదలు అయిదువేల వరహాల వఱకు శిస్తు వచ్చునట్లు ఏర్పఱచి, బహిరంగ వేలమున నమ్మిరి. ఎక్కువ పాడినవానికి ముఠా దక్కెను. పాడినవాఁడు పాడిన మొత్తము పొలమునుండి రాఁబట్టలేక పోయెను, బాకీపడెను, ముఠా మరలఁ బాటకు వచ్చెను. 1832–33 నాఁటి గుంటూరు కఱవు ఆ దుర్దశను బట్టబయలు చేసినది. ఇట మన నైజామునందు భూమిని గాక శిస్తు వసూలు హక్కునే హెచ్చుపాటదారుల కిచ్చుచుండిరి. రాజా చందూలాలు 1843లో పదవి విడుచునాఁటికి ఈ ఇజారాలవలన తాలూకాలు అప్పులవాండ్ర పాలయ్యెను. 1853లో దివాను పదవి చేపట్టిన మొదటి సాలారుజంగు ఆ పద్ధతిని మాన్పి, 1865లో జిల్లాబందీ నేర్పఱచెను. ఇవన్నియుఁ దెలిసిన సంగతులే గావున విస్తరింపను.

ఇఁక రంగూను. పూర్వము దాని పేరు దగోను. ష్వెదగోను స్వర్ణస్తూపము పాదమున నొక చిన్న ఊరు. అలౌంగ్‌ఫయా రాజు 1755లో జయించి ‘యాంగోను’ అని పేరిడెను. కలహము తీఱినదని దాని యర్థమఁట. కలహము తీఱలేదు. 1824లో నొకమాఱు, 1852 ఏప్రిలులో రెండవమాఱు ఆంగ్లేయులు దానిని బట్టుకొనిరి. 1852 డిసెంబరు 20వ తేదీని పెగూ రాష్ట్రమును డల్హౌసీ ప్రభువు తమ రాజ్యమునఁ గలుపుకొనినట్లు ప్రకటన వెలువడెను. యుద్ధమువలన ఊరు పాడుపడి యుండెను. నదియొడ్డు బురదనేల, పోటు వచ్చినపుడు నీరు ఊరిలోనికి వచ్చుచుండెను. ఆ బురదనేలనే మహానౌకాశ్రయము చేయవలెనని క్రొత్త పాలకులు సంకల్పించిరి.

పటము గీచిన వారిద్దఱు. ఒకఁడు వైద్యుఁడు, మాంట్‌గొమరీ. ఇతఁడు సింగపూరున బహుకాలము పనిచేసినవాఁడు. ‘గట్టాపెర్చా’ యను చెట్టుపాలను ఆంగ్లేయులకుఁ దెలిపినవారిలో నొకఁడు. రెండవవాఁడు బంగాళ ఇంజనీర్ల దళమునకుఁ జేరిన ఫ్రేజరు. పెగూకుఁ గమిషనరుగా వచ్చిన ఫేయరు వీరి పైవాఁడు. సూలే స్తూపమును నడుమనుంచి, నదికి సమాంతరముగాఁ బెద్ద వీథులు, వానికి అడ్డముగా నిలువు వీథులు, చదరంగపు బల్లవలె గీచిరి. నది నుండి లోపలికిఁ బోవుచుండఁగా స్ట్రాండు రోడ్డు, మర్చంటు వీథి, డల్హౌసీ వీథి, ఫ్రేజరు వీథి, మాంట్‌గొమరీ వీథి. గీచినవారి పేరులును, గీయించినవారి పేరులును వీథుల కయ్యెను. చిన్న అడ్డువీథులకు పేరులు దొరకక అంకెలు పెట్టిరి. స్వాతంత్ర్యానంతరము పెద్ద వీథుల పేరులు మాఱి మహాబందూల, అనవ్రత, బోజో ఆంగ్‌సాన్ అనునవి వచ్చినవి గాని, చిన్నవీథులకు అంకెలే మిగిలినవి. అంకె నెవ్వరు ద్వేషింతురు?

పటము సులభము, బురద పూడ్చుటకు ధనము కావలెను. ఇచటనే మన కథకుఁ బట్టు. పట్టణ స్థలమంతయు విజేతయగు ప్రభుత్వమునదే యని ప్రకటించి, దానిని తునకలుగా విభజించి, అమ్మగా వచ్చిన సొమ్ముతోనే పూడ్చుట, వీథులు వేయుట, కాలువలు త్రవ్వుట జరుపవలెనని నిశ్చయించిరి. తునకలకుఁ దరగతు లేర్పఱచిరి. నదికిఁ జేరువనున్నవి హెచ్చు తరగతివి. లోపలికిఁ బోయినకొలఁదిని వెల తగ్గుచుండెను. తాతలనాఁటి నుండి అక్కడ వెదురుగుడిసె వేసికొనియున్న బర్మీయునికి స్వస్థలమునందే నిలువవలెనన్నచో వెల పెట్టి కొనవలసివచ్చెను. కౌటిల్యుని క్రమమున మొదటివాఁడు ఇక్కడఁ జివరివాఁ డయ్యెను. నగదు గలవారు వర్తకులు: ఐరోపావారు, అర్మేనీయులు, సూరతు ముసల్మానులు, మఱికొందఱు. వారు నదియొడ్డునఁ గొనిరి. బర్మీయులు నానాఁటికి ఊరి వెలుపలి పేటలకుఁ దొలఁగిరి.

ఆ పాలకులు దుర్మార్గులని చెప్పి చేతులు దులుపుకొనుట నా యుద్దేశము గాదు. వారి లెక్కలో నీతి యొకటి కలదు: పట్టణమువలన లాభపడువాఁడే పట్టణపు ఖర్చు పెట్టుకొనవలెను, బంగాళపు రైతు శిస్తుతో రంగూను పూడ్చరాదు. ఆ నీతి చెడ్డది కాదు. పూడ్చిన నేల నిజముగా నిలిచెను, కాలువలు పాఱెను, 1874లో మునిసిపాలిటీ వచ్చెను. 1872లో లక్షకు లోఁబడియున్న జనసంఖ్య 1931 నాఁటికి 4,00,415 అయ్యెను. లోపము లెక్కలో లేదు, లెక్కలోనికి రానివారియందు కలదు. కొనుటకు ధనములేనివాఁడు పాటయందు లేఁడు. పాటయందు లేనివాఁడు పటమునందును లేఁడు.

మఱి మనవారి మాట? గోదావరి సముద్రముతోఁ గలియుచోట కోరంగి యను రేవు కలదు. 1839 నాఁటి తుపాను దానిని ధ్వంసము చేసినది. అయినను ఆ రేవునుండి మొదట ఓడలెక్కి పోయినవారివలన, బర్మాలో తెలుఁగువాఁ డెవఁడైనను ‘కోరంగీ’యే యయ్యెను. విశాఖపట్టణము నుండి వచ్చినను, గంజాము నుండి వచ్చినను ఆ పేరే. పిమ్మట కాకినాడ, విశాఖ, భీమునిపట్టణము రేవులనుండి ధూమనౌకలు వీరిని గొనిపోయెను. మేస్త్రీలు పల్లెలలో తిరిగి బయానా ఇచ్చి గుంపులుగాఁ దీసికొనిపోవుచుండిరి. బయానాయే సంకెల. రేవులో మూటలు మోయుట, బియ్యపు మిల్లులలోఁ బనిచేయుట, రిక్షా లాగుట, వీథు లూడ్చుట వీరి పనులు. 1931 జనాభా లెక్కలలో బర్మాయందు భారతీయులు 10,17,825 మంది. వారిలో తెలుఁగువారు లక్షన్నరకుఁ బైగా నుండిరి. రంగూను నగరమున భారతీయులు 2,12,929 మంది, అనఁగా నూటికి ఏఁబదిమూఁడుగురు.

ఈ సంఖ్యను జూచి కొందఱు, ‘రంగూను మనదే కదా’ యని గర్వింతురు. నగరపు పన్నులలో సగమునకు మించి భారతీయులు చెల్లించుచుండిరను మాటయు నిజమే. కాని పన్ను చెల్లించిన భారతీయుఁడు వేఱు, మూట మోసిన భారతీయుఁడు వేఱు. స్థలములు గొని మేడలు కట్టినవారిలోఁ దెలుఁగువారు బహు స్వల్పము. మనవాఁడు ఆ మేడలలో నొక గదిని మఱి యెందఱితోనో పంచుకొని బాడుగ కిచ్చి పరుండెడివాఁడు. గది దొరకనినాఁడు కాలిబాటమీఁద. ఊరి సగము ‘మనది’. అడుగు నేల మనది కాదు.

పట్టణమును వదలి పొలమునకు వత్తము. అక్కడ పాట వెంటనే మొదలు కాలేదు, నలువదియేండ్లు పట్టినది. ఐరావతీనది సంగమసీమ 1852లో చాలవఱకు అడవి, రెల్లు, దోమలు. వరిసాగు పదిలక్షల ఎకరములకు లోపుగా నుండెను. 1869లో సూయెజు కాలువ తెఱవఁబడెను; ఐరోపాకు బియ్యము పోవు మార్గము దగ్గఱయయ్యెను. 1876లో ప్రభుత్వమువారు దిగువబర్మాకు భూమి-శిస్తు చట్టమును జేసి, అడవి కొట్టి పండ్రెండేండ్లు ఎడతెగక సాగుచేసి శిస్తు చెల్లించినవానికే భూస్వామ్య మిచ్చిరి. ఇది యుత్తమమైన చట్టము. పాట లేదు, పలుకుబడి లేదు, గొడ్డలి పట్టినవానిదే నేల. పల్లెల నుండి బర్మీయులు వేలకొలఁది దిగివచ్చిరి. 1930 నాఁటికి వరిసాగు ఎనుబదిలక్షల ఎకరములు దాటెను. లోకములో బియ్య మెగుమతి చేయు దేశములలో బర్మా మొదటిదయ్యెను.

పండ్రెండేండ్లు ఎట్లు గడచును? ఎద్దులు గొనవలెను, విత్తనము గావలెను, జ్వరముతోఁ బడుకొన్న యేఁట తిండి కావలెను. అప్పిచ్చువాఁడు చెట్టినాటినుండి వచ్చిన నాట్టుకోట చెట్టియారు. ఈ చెట్టియార్లను గూర్చి మనవారు కథలు చెప్పుకొందురు గాని, వారు దొంగలు కారు. లెక్క నిక్కచ్చిగా వ్రాయువారు, వడ్డీ అక్కడి షావుకారులకంటెఁ దక్కువ తీసికొనువారు. 1930 ప్రాంతమున వారి పెట్టుబడి డెబ్బదియైదు కోట్ల రూపాయలని బాంకింగు విచారణసంఘము లెక్క వేసెను. భూమి తాకట్టు; బాకీ తీఱనిచో న్యాయస్థానపు డిక్రీ; డిక్రీమీఁద వేలము. ఆ సంవత్సరముననే ప్రపంచ మాంద్యమువలన ధాన్యపు వెల కూలి సగమునకు దిగెను. రైతు పండించినది సగము వెలకుఁ బోయెను గాని అప్పు సగము కాలేదు. పదుమూఁడు ముఖ్య వరిజిల్లాలలో 1930లో చెట్టియార్ల క్రింద నూటికి ఆఱు ఎకరములుండఁగా, 1938 నాఁటికి ఇరువదియైదయ్యెను. వారికిఁ బొలము కావలసియుండలేదు, సొమ్ము కావలసియుండెను. పాడుటకు వేఱొకఁడు లేకపోఁగా వారే పాడుకొనవలసివచ్చెను. ఎనిమిదేండ్లలో నా జిల్లాల పొలములలోఁ బాతిక వంతు, నాఁగలి పట్టనివాని యినుపపెట్టెలోనికి కాగితముల రూపమునఁ జేరెను.

పట్టణపు పాటలోఁ దొలఁగింపఁబడినవాఁడును, పొలపు పాటలోఁ దొలఁగింపఁబడినవాఁడును బర్మీయుఁడే. పొలము పోయినవాఁడు కూలికై రంగూనునకు వచ్చెను. అక్కడ రేవులో మూట ఎవని తలమీఁద నున్నది? మన తెలుఁగువాని తలమీఁద. 1930 మేలో రేవుకూలీలగు తెలుఁగువారు హెచ్చుకూలి కోరి పని మానిరి. ఓడసరకు దింపించు కంపెనీలవారు బర్మీయులను బనిలోఁ బెట్టిరి. పిదప తెలుఁగువారితో రాజీపడి, మే 26వ తేదీని పనికి వచ్చిన బర్మీయులను ఇఁక అక్కఱలేదని త్రిప్పి పంపిరి. వాగ్వాదము కొట్లాటయై, కొట్లాట నగరమంతయు వ్యాపించి, కొన్నిదినములు తెలుఁగువారిని వెదకి వెదకి చంపిరి. మృతులు వందకుఁ బైగా నుందురు. చంపినవానికిని చచ్చినవానికిని రంగూనున జానెడు స్థలము లేదు. బర్మాలో బహుకాలము అధికారిగా నుండిన ఫర్నివాలు అను పండితుఁడు 1948లోఁ బ్రకటించిన గ్రంథమున, ఇట్టి దేశములలో జాతులు కలసి తిరుగును గాని కలసిపోవు, వారు కలిసికొనుచోటు అంగడి యొక్కటే యని తేల్చెను. అంగడిలోఁ గలిసినవారికి పొరుగువారను పేరు రాదు.

తరువాతి కథ త్వరగా ముగియును. 1941 డిసెంబరున జపానువారి బాంబులు రంగూనుమీఁదఁ బడెను. 1942 మార్చిలో నగరము వారి చేఁ జిక్కెను. అయిదులక్షల భారతీయులు తరలిరి. ఓడ దొరకనివారు ఆరకాను కనుమలను, అస్సాము కొండత్రోవలను బట్టి నడచిరి. వేలకొలఁది దారిలోనే మడిసిరి. 1948లో స్వతంత్ర బర్మా భూజాతీయకరణ చట్టమును జేసెను. చెట్టియార్ల ఇనుపపెట్టెలలోని కాగితములు కాగితములుగనే మిగిలెను. 1964లో నేవిన్ ప్రభుత్వము అంగళ్ళను సైతము జాతీయము చేయఁగా, మిగిలినవారిలో మఱి కొన్ని లక్షలమంది తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెము ప్రాంతమున ‘బర్మా క్యాంపు’ అను పేట నేఁటికిని గలదు. సముద్రము దాఁటి మూఁడు తరములు పాటుపడిన తెలుఁగువానికి సొంతగడ్డయందు పాట లేకయే దొరికిన చోటు అట్టిది.

ఇఁక మన యూరికి వత్తము. ఇప్పుడు రాజధానియందు ప్రభుత్వమే పాట పాడించుచున్నది. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థవారు కోకాపేట నియోపొలిసు స్థలములను వేలము వేయఁగా ఎకరము గరిష్ఠముగా నూఱుకోట్ల డెబ్బదియైదు లక్షలు పలికెను. కౌటిల్యుఁడు చెప్పినట్లు పెరిగినది కోశమునకే పోయినది కదా యని నా మిత్రుఁ డొకఁడు పరిహాసమాడెను. నిజమే, కాని అర్థశాస్త్రమునందు రాజు చాటింపును గనిపెట్టువాఁడు, ఇక్కడ రాజే యంగడివాఁడు. ఆ పాట కబురు జహీరాబాదు దాఁటి న్యాల్‌కల్‌కు వచ్చునప్పటికి, ఎఱ్ఱనేల ఎకరము గల మనవాని గుండెయు గుబగుబలాడును: నాది యెంత పలుకునో!

నిమ్జు వ్యవహారమునందు మనకుఁ గావలసిన పాఠ మొకటి న్యాయస్థానమునఁ బలుకఁబడినది. 2013లో పార్లమెంటు చేసిన భూసేకరణ చట్టము, భూమి తీసికొనుటకు ముందు దానివలన జనుల బ్రదుకుల కేమగునో విచారింపవలెననియు, బహిరంగముగా వినవలెననియు విధించినది. ముమ్మాఱు చాటుట యనఁగా నిదియే. 2015 జులైలో నాఁటి తెలంగాణ ప్రభుత్వము 123వ సంఖ్యగల ఉత్తర్వును వెలువరించి, అమ్మఁదలఁచిన పట్టాదారులవద్ద నేరుగాఁ గొనుటకు మార్గ మేర్పఱచెను. అమ్మువాఁడు, కొనువాఁడు సమ్మతించిరి. మూఁడవవానితోఁ బని యేమి? ఆ మూఁడవవాఁడే న్యాయస్థానమున కెక్కెను. నిమ్జు ప్రాంతపు వ్యవసాయకూలీలు, తమకు సెంటు భూమి లేకున్నను ఆ భూమివలననే తమ కూడు నడచుచున్నదనియు, అమ్మకములోఁ దమ మాట లేదనియు మొఱపెట్టఁగా, 2016 ఆగస్టున ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి యొకరు ఆ యుత్తర్వును గొట్టివేసిరి. దానిపై అప్పీళ్ళు జరిగినవి, కూలివారికై ప్రభుత్వము వేఱుత్తర్వుల నిచ్చినది, వ్యవహారము పలుమలుపులు తిరిగినది. ఆ చిక్కులలోనికి నేను బోను. పాటలో లేనివాఁడు పటములోనికి వచ్చిన దినముగా మాత్రము దానిని గుఱుతుంచుకొన్నాను. అట్టివాఁడు మన యూరివాఁడే యగుట నాకు సంతోషకరము.

మన సంఘములోను ఇట్టి మూఁడవవారు కలరు. సభకు వచ్చి ముందు వరుసలోఁ గూర్చుండువారు పట్టాదారులు. వెనుక నిలుచువారిలోఁ గౌలుదారులు, కూలివారు పెక్కుమంది. పరిహారపు సొమ్ము వచ్చిన యిండ్లలో క్రొత్త మోటారుబండ్లు నిలిచినవి. ఆ పొలములలోఁ గలుపు తీసిన యాఁడువారు ఇప్పుడు ఉదయము ఆటోలలో జహీరాబాదునకుఁ బోవుచున్నారు. భూమి అమ్మినవాని పిల్లలకు సంఘము వసతిగృహమున సీటు ఇచ్చునపుడు, ఆ భూమిలోఁ బనిచేసినవాని పిల్లలను గూడఁ బిలువవలెనని నేను పెద్దలతో మనవి చేసితిని. అమ్మఁదలఁచినవారు బయటి దళారితో మాటలాడుటకు ముందు అన్నదమ్ములకును గట్టుపొరుగువానికిని దెలుపవలెననియు, ఆ పొరుగువాఁడు మన కులమువాఁడా కాఁడా యని చూడవలదనియు మనవి చేసితిని. సామంతుఁడనఁగా గట్టు పంచుకొన్నవాఁడే గాని కులము పంచుకొన్నవాఁడని యే స్మృతికారుఁడును వ్రాయలేదు. పెద్దలు విందుమనిరి, తీర్మాన మింకను గాలేదు.

నా సంగతి యొకటి చెప్పవలెను. తండ్రిగారు గతించిన పిమ్మట అన్నదమ్ములము రెండెకరములు అమ్ముకొనవలసివచ్చెను, ఆడపిల్లల పెండ్లిండ్లు. పట్టణమునుండి వచ్చినవాఁ డొకఁడు హెచ్చు వెల చెప్పెను. మితాక్షర చదివిన పాపమున నేను ముందుగా గట్టుపొరుగు ముసల్మాను రైతు నడిగితిని. అతఁడు తక్కువయే ఇయ్యఁగలిగెను, అదియు రెండు దఫాలుగా. మా తమ్ముఁడు ఆఱునెలలు నాతో మాటలాడలేదు. అతని కోపము న్యాయమైనదే; లెక్క ప్రకారము నేను వానికి నష్టము చేసితిని. ఆ గట్టుమీఁది చింతచెట్టు ఇప్పటికిని నిలిచియున్నది. కాయ దులిపిన యేఁట సగము మా యింటికి వచ్చును. సంక్రాంతి వేళకుఁ గొత్త కందులు వచ్చును. మొన్న తమ్ముఁడును వచ్చి ఒక గంప కట్టించుకొని పోయెను.